మోడిఫై చేసిన వీ-క్రాస్‌తో కండలేరు అంచుకు: కయాక్, డేరా, రెండు రాత్రులు. కుదురుతుందా?

అలిపిరి డీజిల్ (తిరుపతి)

అందరికీ నమస్తే. బండి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, 2019 మోడల్, 2.5 ఇంజిను. శ్రీసిటీలో తయారైంది కాబట్టి మన జిల్లా బిడ్డే అని చెప్పుకుంటుంటా. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పాత ఓనరుకు మోడిఫికేషన్ పిచ్చి బాగా ముదిరినట్టుంది. ముందూ వెనకా బండి ఎత్తు పెంచే రెండంగుళాల లిఫ్ట్, వెనక కమాన్ కట్టల్లో ఒక పట్టీ ఎక్కువ, 265/65 ఆర్18 ఆల్ టెరైన్ టైర్లు, స్నార్కెల్ (ఇంజినుకు పైనుంచి గాలి అందించే గొట్టం), ముందు ఇనుప బంపరు, దాని మీద వించి (తాడు చుట్టుకుంటూ బండిని లాగే మిషను), వెనక ట్రే మీద రాక్. ఇన్ని పెట్టుకుని అది ఇప్పటిదాకా చేసిందల్లా కాణిపాకం వెళ్ళి రావడం, మార్కెట్ నుంచి కూరగాయలు మోయడం. 'పెళ్ళి నగలన్నీ దిగేసుకుని రేషన్ షాపు లైన్లో నిలబడ్డట్టుంది నీ బండి' అని మా ఆవిడ ఎగతాళి.

ఇప్పుడు మా బావమరిది చెన్నై నుంచి వస్తూ ప్లాస్టిక్ కయాక్, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, తెస్తున్నాడు. ఇద్దరు కూర్చునేది, పన్నెండడుగుల పొడుగు, ముప్పై కిలోల పైమాటే. సంక్రాంతి హడావిడి అయ్యాక, జనవరి చివర్లో ఎక్కడైనా నీటి ఒడ్డున రెండు రాత్రులు డేరా వేసుకుని, పొద్దునా సాయంత్రం తెడ్డు వేద్దామని ప్లాను. డీజే మోగే రిసార్టు టెంట్లు మాకొద్దు. బండి పోయినంత దూరం పోయి, మనుషులు లేని చోట దిగాలి.

మొదట తలకోన అనుకున్నాం, తర్వాత కల్యాణి డ్యాం. ఇప్పుడు కండలేరు జలాశయం వెనక జలాల మీద మనసు పడింది. ఏర్పేడు, వెంకటగిరి, రాపూరు మీదుగా పోతే సుమారు వంద కిలోమీటర్లు. మ్యాపులో శాటిలైట్ బొమ్మ చూస్తే నీటి దాకా మట్టిదారులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వాటిలో ఒకదాని మీద నేరుగా అంచు దాకా దించి, వెనక తలుపు తెరిస్తే నీళ్ళు కనపడేలా బండి పెట్టి పడుకోవాలని ఆశ.

ఈ మోడిఫికేషన్లతో దారిలో పోలీసు, ఆర్టీవో టెన్షన్ ఎంతుంటుంది? కయాక్ ఎలా కట్టాలి? అంచు దాకా దిగడానికి ఇంకా ఏమైనా కొనాలా? బావమరిది ట్రాక్షన్ బోర్డులూ (దిగబడిన చక్రాల కింద వేసే పలకలు) లైట్ బారూ కొనమంటున్నాడు. లైట్ బార్ మీద నాకూ ఆశగానే ఉంది.

చంద్రగిరి కుర్రోడు

అన్నా, తలకోన, కల్యాణి డ్యాం రెండూ మర్చిపో. తలకోన ఉన్నది వెంకటేశ్వర నేషనల్ పార్కులో. అక్కడ ఎవరి డేరా వాళ్ళు వేసుకుని పడుకుంటామంటే ఒప్పుకోరు. కల్యాణి డ్యాం నీళ్ళు తిరుపతికీ తిరుమలకూ తాగడానికి. దాంట్లో కయాక్ దించుతానని ఎవరితోనూ అనకు.

ఇంకోటి. శేషాచలంలోనే కాదు, వెంకటగిరి, రాపూరు అడవుల్లో కూడా ఎర్రచందనం ఉంది. రాత్రి పదకొండుకు అడవి అంచున, ఎత్తు పెంచిన పికప్, ట్రే మీద టార్పాలిన్ కప్పిన పన్నెండడుగుల పొడుగు సామాను. నువ్వే ఎర్రచందనం దొంగల్ని పట్టే టాస్క్‌ఫోర్స్‌లో ఉంటే ఆపవా? కయాక్ మీద ఏమీ కప్పొద్దు, రంగు కనపడనీ. చీకటి పడకముందే చేరుకో. చేరగానే దగ్గర ఊళ్ళో మేం ఫలానా అని చెప్పి పెట్టుకో. ఆపితే విసుక్కోకుండా డోరు తీసి చూపించు, పది నిమిషాల్లో వదిలేస్తారు.

పలమనేరు, కుప్పం వైపు చెరువుల మాట కూడా ఎత్తొద్దు. కౌండిన్య అడవి ఏనుగులు రాత్రుళ్ళు దిగేది ఆ చెరువుల్లోకే.

రేణిగుంట రోడ్డు షెడ్డు

లిఫ్ట్ చేసిన బండ్లు మా షెడ్డుకు వస్తూనే ఉంటాయి కాబట్టి నాకు తెలిసింది చెబుతా.

ముందు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి, ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ అని పెట్టారు. ఇనుప బంపరును 2017 డిసెంబరులోనే కేంద్రం కాదంది. గుద్దితే ఎదుటి మనిషి బతకడు, నీ ఎయిర్‌బ్యాగులు కూడా సరైన టైముకు తెరుచుకుంటాయన్న నమ్మకం ఉండదు. 'అందరూ పెట్టుకున్నారు కదన్నా' అని నా దగ్గర కూడా అంటారు. దారిలో ఎవరూ ఆపకపోవచ్చు. కానీ ఏదైనా జరిగిన రోజు ఇన్సూరెన్సువాళ్ళు మొదట వెతికేది ఇవే. నన్నడిగితే ఆ బంపరు తీసి కంపెనీది బిగించుకో. వించి కూడా పోతుందని బాధపడతావు. దాని సంగతి కండలేరు నీళ్ళ గురించి తెలిసినవాళ్ళు చెబుతారులే.

ఇక బండి. 2.5 వీ-క్రాస్‌కు ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. ముందు లేపితే డ్రైవ్‌షాఫ్టు కోణం పెరుగుతుంది, దాని చివర రబ్బరు బూట్లు తొందరగా చిరుగుతాయి. చక్రం పూర్తిగా తిప్పి లోపలికి టార్చి కొట్టి చూడు. రిమ్ము లోపలి వైపు నల్లగా గ్రీజు చిమ్మి ఉంటే బూటు పోయినట్టే. అలా పెట్టుకుని బురదలోకి దిగావంటే ఇసుక లోపలికి పోయి జాయింటే పోతుంది. వెనక బ్రేక్ గొట్టం కూడా చూడు. లిఫ్ట్ చేశాక అది బిగుసుకుని ఉంటే, చక్రం గుంతలోకి వేలాడినప్పుడు తెగే ప్రమాదం ఉంది. అలైన్‌మెంట్ ఎప్పుడు చేయించావో రాయలేదు. సెకండ్ హ్యాండ్ అంటున్నావు కాబట్టి చేయించలేదనే అనుకుంటా.

టైరు సైజు పెరిగింది కదా, కంపెనీ 255/60 మీద ఇది దాదాపు అయిదు శాతం పెద్దది. మీటరు వంద చూపిస్తే నువ్వు నూట అయిదులో పోతున్నట్టు. నాయుడుపేట హైవే కెమెరాకు ఈ లెక్క చెబితే వినదు.

బరువు కూడా చూసుకో. ఆర్సీలో మొత్తం బరువు, ఖాళీ బరువు రెండూ ఉంటాయి. తీసివేయి. అందులోంచి నువ్వు, బావమరిది, బంపరు, వించి, రాక్ తీసెయ్. మిగిలిందే నీ సామాను. కమాన్ కట్టలో పట్టీ వేశాం కాబట్టి ఎంతైనా మోస్తుందనుకుంటారు. పట్టీ వేస్తే బండి కుంగదు, అంతే. బ్రేకులూ యాక్సిలూ పాతవే కదా.

కయాక్ రాక్ మీద బోర్లా పెట్టు. ట్రేలో పెట్టి వెనక్కి పొడుచుకొచ్చేలా తెస్తే అదో చలానా. లారీవాళ్ళు వాడే ర్యాచెట్ బెల్టు వద్దు, బిగించే కొద్దీ ప్లాస్టిక్ నొక్కుకుపోతుంది, ఎండకు వేడెక్కితే ఇంకా ఎక్కువ. చేత్తో లాగి బిగించే క్యాం బకిల్ బెల్టులు రెండు చాలు. బెల్టును మధ్యలో ఒక మెలిక తిప్పి కట్టు, లేకపోతే ఎనభై దాటగానే గాలికి గుయ్యిమని మోగి చంపుతుంది. ముక్కుకొక తాడు, తోకకొక తాడు బండి హుక్కులకు వేరుగా కట్టు. ఏర్పేడులో టీకి ఆగినప్పుడు బెల్టులు లాగి చూడు, తప్పకుండా వదులై ఉంటాయి.

లైట్ బార్ కొనొద్దు.

పాత ఏఈ

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయిన వాణ్ణి. జలాశయాలు కట్ట వైపు నుంచీ చూశాను, ముంపు వైపు నుంచీ చూశాను. అలిపిరి డీజిల్ గారూ, మీరు అడిగిన ప్రశ్నల్లో అసలైనది ఒకటే: అంచు దాకా దిగడం. మిగతావాటికి షెడ్డు ఆయన చక్కగా చెప్పారు.

మీరు శాటిలైట్‌లో చూసిన మట్టిదారులు నిజమే. వాటిలో చాలావరకు డ్యాం కట్టక ముందు ఊళ్ళ దారులు. కండలేరు నిల్వ 68 టీఎంసీలు. సోమశిల 78. అన్ని నీళ్ళు నిలవాలంటే ఎన్ని ఊళ్ళు, ఎన్ని పొలాలు కింద పోయుంటాయో ఆలోచించండి. నీళ్ళు తగ్గినప్పుడు ఆ పాత బాటలు బయటపడతాయి, మ్యాపులో గీతలా కనిపిస్తాయి. పైనుంచి చూస్తే బాటే. దాని మీద ఎన్నేళ్ళ ఒండ్రు పేరుకుందో మాత్రం ఆ బొమ్మలో కనపడదు.

ఈశాన్య రుతుపవనాలకు డిసెంబరు దాకా జలాశయం నిండుతుంది, జనవరి నుంచి మెల్లగా దిగుతుంది. మీరు వెళ్ళే సమయానికి నీరు కొత్తగా వదిలిపెట్టిన నేల అంచు వెంట పట్టీలాగా ఉంటుంది. నేల వాలును బట్టి ఒకచోట ఇరవై అడుగులే ఉంటుంది, ఇంకోచోట రెండు ఫర్లాంగులు. పైన రెండు మూడంగుళాలు ఎండి, నెర్రెలిచ్చి, పెంకు కట్టి ఉంటుంది. చెప్పుకాలితో నడిస్తే గట్టిగానే తగులుతుంది, దుమ్ము కూడా లేస్తుంది. దాని కింద గుజ్జు. ఏప్రిల్‌లో కూడా అది పూర్తిగా ఆరదు, ఎందుకంటే పైన పెంకే మూతలా ఉండి లోపలి తేమను పోనివ్వదు.

గడ్డపార ఒకటి తీసుకెళ్ళండి. మీ బావమరిది చెప్పిన సామానంతటికీ కలిపి ఇది చాలు. బండి గట్టినేల మీద ఆపి, రెండు చక్రాల జాడ ఎక్కడ పడుతుందో ఆ రెండు గీతల వెంట నడుచుకుంటూ పది అడుగులకొకసారి గడ్డపారను నిటారుగా ఎత్తి వదలండి. పొడవకండి, దాని బరువుకు అదే దిగాలి. ఠంగుమని ఆగితే మంచి నేల. పెంకు దాటగానే సర్రున జానెడు జారిందా, అక్కడితో ఆగిపోండి. బయటికి లాగి మొన చూడండి. ఎర్రగా గరుకుగా ఉంటే ఇంకో చోట ప్రయత్నించవచ్చు. బూడిద రంగులో జిగురుగా అంటుకుని కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే, ఆ నేలకు గాలి తగిలి చాలా కాలమైందని అర్థం. అక్కడ మీ వీ-క్రాస్ కాదు, ఎడ్లబండి కూడా దిగదు.

నేల అంతటా ఒకేలా ఉండదు. రాపూరు, సైదాపురం వైపు అభ్రకం మెరిసే గరుకు నేలలున్నాయి. అలాంటి గుట్ట నీటిలోకి దిగే చోట అంచు దాకా గట్టిగా ఉంటుంది. వాగు వచ్చి కలిసే చోట, చూడ్డానికి చదునుగా, డేరాకు అందంగా ఉండే చోట, ఒండ్రంతా అక్కడే దిగుతుంది. మనవాళ్ళకు నచ్చేది ఎప్పుడూ ఆ రెండో చోటే.

అలిపిరి డీజిల్

పెద్దాయనా, నమస్కారం. చాలా ఉపయోగం. కానీ ఒక అనుమానం. రెండంగుళాల లిఫ్ట్ ఉంది, పెద్ద టైర్లున్నాయి, 4ఎల్ (నాలుగు చక్రాలూ లాగే లో గేరు) ఉంది, వించి ఉంది. ఇన్ని ఉన్నా గడ్డపార చెప్పిందే వేదమా? దిగబడితే వించితో లాక్కోలేమా?

పాత ఏఈ

వించి తాడు దేనికి కడతారు? ఆ పట్టీలో చెట్టుండదు. ఏటా నీళ్ళలో మునిగే నేల అది. ఉన్నా ఎండిపోయిన మోళ్ళు, లాగితే వేళ్ళతో సహా వచ్చేస్తాయి. స్టెప్నీని నాలుగడుగుల గోతిలో పాతి దానికి కట్టే పద్ధతి ఉంది. ఆ గొయ్యి మీరిద్దరూ ఎండలో తవ్వాలి.

లిఫ్ట్ ఏం చేస్తుందంటే బండి పొట్టను రాళ్ళకు తగలకుండా చూస్తుంది. నేల బండిని మోస్తుందా లేదా అన్నది టైరు కింద పడే ఒత్తిడిని బట్టి. ఉరామరిగా చెప్పాలంటే, టైరులో ఎంత గాలి ఉంటే నేల మీద అంత ఒత్తిడి. 35 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు రెండున్నర కిలోలు. 18కి దించితే టైరు పరుచుకుంటుంది, ఒత్తిడి కిలోంపావుకు వస్తుంది. అంటే పైసా ఖర్చు లేని ఆ పని మీ లిఫ్ట్ కన్నా ఎక్కువ సాయం చేస్తుంది. నడిచే ఎనుము గిట్ట కింద కూడా ఇంచుమించు ఈ రెండు అంకెల మధ్యే ఉంటుంది. అందుకే ఒడ్డున ఎనుముల అడుగులు చూడమంటాను. గిట్ట గోరు లోతే దిగితే ఆలోచించండి. మడమ దాకా దిగి, ఆ గుంతలో నీరు ఊరి ఉంటే వెనక్కి రండి. ఇది కూడా సగమే. గిట్ట చిన్నది కాబట్టి పైపొర సంగతే చెబుతుంది. టైరు వెడల్పు కాబట్టి దాని బరువు ఇంకా లోతుకు దిగుతుంది, పైన గట్టిగా ఉన్నా కింది గుజ్జును కదుపుతుంది. అందుకే రెండూ చూడాలి, అడుగులూ గడ్డపారా.

ఇంకా సులువైన గుర్తు: నీళ్ళు తగ్గిన నేలలో రైతులు దోస, పుచ్చ పెట్టుకున్న చోట ట్రాక్టరు తిరిగి ఉంటుంది. జాలర్లు టీవీఎస్ ఎక్సెల్ మీద చేపల పెట్టె పెట్టుకుని రోజూ ఒకే దారిన వస్తారు. కొత్త దారి కనిపెట్టాలన్న సరదా మానుకుని వాళ్ళ చక్రం జాడలోనే నడవండి. బరువు వేరు కాబట్టి అక్కడా గడ్డపార మాత్రం వేయండి.

అనుమతి మాట ఎవరూ ఎత్తలేదు. జలాశయం శాఖది, చుట్టూ చాలా భాగం అడవి శాఖది, చేపలు సొసైటీవి. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక బోటింగ్ మీద అందరికీ భయం పట్టుకుంది. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఆఫీసుకు వెళ్ళి ఫలానా తేదీల్లో ఇద్దరం, మోటారు లేని చిన్న పడవ అని రాతపూర్వకంగా అడగండి. కాదంటే గండికోటకు పొండి, అక్కడ కయాకింగ్ నడుపుతున్నారు. సరే అన్నా కట్ట దగ్గరికీ తూముల దగ్గరికీ వెళ్ళకండి. చెన్నైకి తాగడానికి పోయే నీళ్ళవి, అందులో సబ్బుతో గిన్నెలు కడగకండి.

డేరా ఎక్కడ వేయాలో కూడా చెప్పేస్తాను. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ముందు రాత్రి పైన పింఛా తెగి ఆ నీళ్ళు కూడా వచ్చిపడ్డాయి. కింద ఊళ్ళు నిద్రలో ఉన్నాయి. జనవరిలో అంత వాన రాదు, భయపెట్టడానికి చెప్పడం లేదు. పైన ఏ గేటు ఎప్పుడు ఎత్తుతారో మీకెవరూ ఫోను చేసి చెప్పరని చెబుతున్నాను. ఒడ్డున పుల్లలూ చెత్తా గీతలా పేరుకుని ఉంటాయి చూడండి, నీరు అక్కడిదాకా వచ్చి వెళ్ళిందని గుర్తు. ఆ గీతకు నిలువెత్తు పైన డేరా వేయండి. బండి ఇంకా పైన. వెనక తలుపు తెరిస్తే నీళ్ళు అక్కడి నుంచీ కనిపిస్తాయి.

స్వర్ణముఖి అక్క

బండి గురించే ఇంత చర్చ జరిగింది, నీళ్ళ మీద సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెబుతా. నెల్లూరు అమ్మాయిని, ఉద్యోగం తిరుపతిలో. కయాక్ నాకు బాగా అలవాటు.

అన్నా, మీ ఇద్దరిలో ఎవరైనా ఇంతకు ముందు కయాక్ బోర్లా పడితే మళ్ళీ ఎక్కారా? ఈత వచ్చు అనేది దీనికి జవాబు కాదు. కండలేరు వెళ్ళే ముందు వారం మీ ఊరి దగ్గర ఏదైనా చెరువులో, చేపల వేలంపాట పాడుకున్నవాళ్ళను అడిగి, నడుము లోతు నీళ్ళలో కావాలని తిరగేయండి. ఒకరు అవతలి వైపు పట్టుకుంటే ఇంకొకరు పొట్ట మీద పాకుతూ ఎక్కాలి. లైఫ్ జాకెట్ వేసుకునే చేయండి, ఎందుకంటే జాకెట్ వేసుకుంటే పాకడం వేరేగా ఉంటుంది. జాకెట్‌కు విజిల్ కట్టుకోండి.

జనవరిలో పొద్దున మంచు దిగితే నీళ్ళ మీద ఇరవై గజాల ముందు ఏముందో కనపడదు. సూర్యుడు పైకొచ్చి మంచు విడిచేదాకా టీ తాగుతూ కూర్చోండి. పదింటికల్లా ఈశాన్యం గాలి లేస్తుంది. పెద్ద జలాశయంలో అలలు సముద్రంలాగా ఉండవు గానీ, చిన్నవిగా, దగ్గరదగ్గరగా వచ్చి పక్క నుంచి కొడతాయి. అందుకే మొదట ఎదురుగాలికి పోండి. చేతులు నొప్పెట్టాక గాలే మిమ్మల్ని డేరా దాకా తోసుకొస్తుంది. అటుదిటు చేస్తే మధ్యాహ్నం ఎండలో ఎదురుగాలికి తెడ్డు వేస్తూ బావమరిదితో గొడవ పడతారు.

ఏఈ గారు చెప్పిన మునిగిన ఊళ్ళు నీళ్ళలో కూడా ఉన్నాయి. చెట్ల మోళ్ళు, మొండి గోడలు నీటికి జానెడు కింద ఉంటే కనపడవు. ఒడ్డు నుంచి మరీ దూరం పోకండి, మరీ దగ్గరగా వేగంగానూ పోకండి. థర్మకోల్ ముక్కలు, ఖాళీ నూనె డబ్బాలు వరసగా తేలుతుంటే కింద వల ఉందని అర్థం. దాని మీదుగా పోవద్దు, చుట్టూ తిరిగి పోండి. తెడ్డుకు వల చుట్టుకుంటే మీకు ప్రమాదం, అది చిరిగితే పుట్టి వేసుకుని వచ్చే ఆయన రోజు కూలి పోయినట్టు. ఆయన్నే పలకరించి రెండు చేపలు కొనుక్కోండి. ఏ మూల మోళ్ళున్నాయో, ఏ మూల నేల దిగబడుతుందో మ్యాపు కన్నా ఆయనే బాగా చెబుతాడు.

రాత్రి డేరా జిప్పు మూసే ఉంచండి, బూట్లు బయట వదలకండి. కట్లపాము వెచ్చదనానికి పక్కలోకి వస్తుంది, కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. పాముకాటు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో వెళ్ళేటప్పుడే రాపూరులో కనుక్కోండి. మీ ఆవిడకు లొకేషన్ పంపడం కాదు, ఎన్ని గంటలకు మీ నుంచి ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో రాసివ్వండి. అక్కడ సిగ్నల్ ఒక్కో మలుపులో ఒక్కోలా ఉంటుంది.

వంటకు పొయ్యి రాజేసే పని పెట్టుకోకండి, అడవి అంచు. ఇంట్లోంచి సంగటి ముద్దలు, ఊరిబిండి పట్టుకుపోతే మొదటి రాత్రికి చాలు. రెండో రోజుకు చిన్న గ్యాస్ స్టవ్.

అలిపిరి డీజిల్

అందరికీ దండాలు. ప్లాను మార్చాను. బండి నీటి దాకా దింపను. ఈఈ ఆఫీసుకు సోమవారం వెళ్తున్నా, కాదంటే గండికోట. అనుమతి వస్తే ఊరి వైపు గట్టినేల మీద బండి పెట్టి, కయాక్ ఇద్దరం చెరో చివర పట్టుకుని మోసుకుపోతాం. ముప్పై కిలోలే కదా, రెండు వందల గజాలు మోస్తే బావమరిదికి పొట్ట కూడా తగ్గుతుంది. ఇనుప బంపరు తీయించడానికి మనసు ఒప్పుకోవడానికి ఒక రాత్రి పట్టింది. లైట్ బార్ మాట ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు.

ఒక్కటే మిగిలింది. ఊరి దారిలోనే ఎక్కడైనా దిగబడితే ట్రాక్టర్ పిలుస్తాం. వెనక ట్రైలర్ తగిలించే ఉండ ఒకటి ఉంది, పాత ఓనరు పెట్టించిందే. దానికి తాడేసి లాగించవచ్చా?

రేణిగుంట రోడ్డు షెడ్డు

ఆ ఉండకు తాడు ఎప్పుడూ వేయొద్దు. ట్రైలర్‌ను మెల్లగా లాగడానికి పెట్టింది అది, దిగబడిన బండిని పీకే జర్కుకు మెడ దగ్గర విరుగుతుంది. విరిగితే తాడు సాగి ఉన్న ఊపంతా దానిలోకే వచ్చి తూటాలాగా ఎగురుతుంది. ట్రాక్టర్ మీద కూర్చున్నవాడి తలే ఎదురుగా ఉంటుంది. ఛాసిస్‌కు కంపెనీ ఇచ్చిన హుక్కు ఎక్కడుందో ముందే చూసుకుని దానికే షకిల్ (తాడు తగిలించే ఇనుప లంకె) వేయి. తాడు మీద తడిపిన గోనె సంచి ఒకటి పడేయి, తెగినా కొరడాలా లేవదు. చూడ్డానికి ఊరంతా వస్తారు, పిల్లల్ని తాడు పొడుగుకు రెండింతల దూరం పంపు.

లాగించే ముందు టైర్ల ముందున్న మట్టి పారతో తీసేయ్, గాలి 18కి దించు, చక్రాల కింద కంపో వరిగడ్డో వేయి. సగంసార్లు ట్రాక్టర్ రాకముందే బయటపడతావు. ట్రాక్టర్ లాగేటప్పుడు నువ్వు 4ఎల్‌లో ఫస్ట్ గేరు వేసి చక్రాన్ని ఊరికే తిరగనివ్వు, యాక్సిలరేటర్ తొక్కి గుంత పెద్దది చేయొద్దు. బయటపడ్డాక తారు రోడ్డు ఎక్కే ముందు టూ వీల్‌కు మార్చు, గాలి కొట్టుకో. చిన్న పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఒకటి దగ్గర పెట్టుకో, లైట్ బార్ డబ్బుల్లో సగానికే వస్తుంది.

బండి శనివారం తీసుకురా, ఆ బూట్లూ బ్రేక్ గొట్టం చూస్తా. పాత ఓనరు దగ్గర కంపెనీ బంపరు ఉందేమో ఫోను చేసి అడుగు, లేకపోతే కొత్తది తెప్పించడానికి టైం పడుతుంది. ఆదివారం షెడ్డు తీయను.